ముందు నీళ్ళు, తరవాతే లైటు

మా ఇంటికి ఎవరొచ్చినా హాల్లో ఉన్న గాజు తొట్టి దగ్గర ఓ అయిదు నిమిషాలు ఆగిపోతారు. నీలం రంగు వెలుగులో పచ్చగా, నారింజరంగులో మెరిసిపోయే పగడాలూ, వాటి మధ్య అటూ ఇటూ తిరిగే రెండు చారల చేపలూ చూసి, అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఈ లైటు ఎంతకి కొన్నావ్?"

మొన్న శనివారం మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు భోజనానికొచ్చి, గోంగూర పప్పు తినడం ఆపి మరీ అడిగాడు. తనూ ఓ చిన్న ఉప్పునీటి తొట్టి పెడదామనుకుంటున్నాడట. రెండు లైట్ల మధ్య తేల్చుకోలేక నెల్రోజులుగా కొట్టుకుంటున్నాడట. స్ప్రెడ్ షీట్ కూడా చేశాడు (సాఫ్ట్‌వేరోళ్ళం కదా, చేపపిల్లని కొనాలన్నా స్ప్రెడ్ షీట్ ఉండాల్సిందే). "నీ షీట్లో హీటర్ ఎన్నో వరసలో ఉంది?" అనడిగా. వెతికాడు. చివర్నుంచి రెండోది. దాని పక్కన "ఏదో ఒకటి, 20 డాలర్లు" అని రాసుంది.

ఆ వరస చూడగానే నాకు 2019 జనవరి గుర్తొచ్చింది. అప్పటి నా షీట్లోనూ సరిగ్గా అలాగే ఉండేది. అందుకే ఇదంతా రాయడం.

మొదట్నుంచీ చెప్తా. మేముండేది డాలస్ దగ్గర. 2018 వేసవిలో మా బుడ్డోడికి ఆరేళ్ళు. నీమో సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. వాడికి నీమో కావాలి. నాకేమో పగడాలు కావాలి. మనకి పగడం అంటే ఏంటి? కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి, లేకపోతే అమ్మమ్మ మెళ్ళో పుస్తెల పక్కన గుచ్చిన పూస. అది రాయి కాదు, సముద్రంలో బతికిన జీవి కట్టుకున్న అస్థిపంజరమని ముప్పయ్యేళ్ళొచ్చాక గానీ నాకు తెలీలేదు. బతికున్నదాన్ని చూడాలనిపించింది. అంతే.

20 గ్యాలన్ల తొట్టి కొన్నాం. అంటే సుమారు 75 లీటర్లు. రెండున్నర అడుగుల పొడుగు, అడుగు లోతు. చిన్నది కదా, తేలిగ్గా ఉంటుందనుకున్నా. ఇది అందరూ చేసే తప్పే. నీళ్ళు ఎంత తక్కువైతే అంత కష్టం. పెద్ద తొట్టిలో తప్పు జరిగితే సర్దుకోడానికి మనకి రోజులుంటాయి, చిన్నదాంట్లో గంటలే.

ఇక లైటు. పగడపు జీవి కణాల్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే అది ఆహారం తయారు చేసి, అందులో ఎక్కువ భాగం ఇంటివాడికే అద్దె కింద ఇచ్చేస్తుంది. కాబట్టి లైటు లేకపోతే పగడానికి తిండి లేదు. అందులోనూ నీలం వెలుగు ముఖ్యం. సముద్రంలో ఎరుపు రంగు పైనున్న కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలమే లోతుకి దిగుతుంది. ఈ నాచు దానికి అలవాటు పడింది. ఒకప్పుడు దీనికోసం 150, 250 వాట్ల మెటల్ హాలైడ్ బల్బులు వాడేవారు. ఆ వేడికి నీళ్ళు కాగిపోతే చల్లబరచడానికి ఇంకో మెషీను. ఇప్పుడు ఎల్ఈడీలొచ్చి ఆ బాధ తగ్గింది. నీలం ఎల్ఈడీ కనిపెట్టిన ముగ్గురు జపాను శాస్త్రవేత్తలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు కదా, మా హాల్లో వెలుగు వాళ్ళ చలవే.

ఇదంతా చదివి, చదివి, 450 డాలర్లు పెట్టి లైటు కొన్నా. ఫోన్లోంచి సూర్యోదయం, సూర్యాస్తమయం, వెన్నెలా కూడా సెట్ చేసుకోవచ్చు. తొట్టి, స్టాండు, రాళ్ళు, ఇసక, పంపు, ఉప్పు అన్నీ కలిపి మొత్తం 850 దాకా అయింది. అంటే సగానికి పైన లైటుకే. హీటరు 20 డాలర్లు. 200 వాట్లది. పెద్దదైతే త్వరగా వేడెక్కుతుంది కదా అని నా తెలివి.

అమ్మోనియా, నైట్రైటు తగ్గేదాకా అయిదు వారాలు ఖాళీ తొట్టిలో రాళ్ళని చూస్తూ కూచున్నాం. ఈ మాట వినడానికి సిల్లీగా ఉంటుంది గానీ, ఆ రాళ్ళమీదా ఇసకలోనూ బాక్టీరియా పట్టేదాకా చేపని వెయ్యకూడదు. వేస్తే దాని విసర్జనతో అదే చచ్చిపోతుంది. తర్వాత రెండు క్లౌన్ ఫిష్షులు తెచ్చాం, సముద్రంలో పట్టినవి కాదు, హేచరీలో పుట్టినవే. మావాడు వాటికి పండు, చిట్టి అని పేర్లు పెట్టాడు. ఒక్కొక్కటిగా చిన్న చిన్న పగడపు ముక్కలు తెచ్చి అంటించా. మొదటి వారంలోనే లైటు 80 శాతంలో పెట్టి ఓ మష్రూమ్ పగడాన్ని తెల్లగా చేసేశా. అయినా నాకు బుద్ధి రాలేదు. తక్కినవన్నీ బాగానే ఉన్నాయిగా అనుకున్నా.

2019 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చి మూడ్రోజులు ఖాళీ దొరికితే హ్యూస్టన్ వెళ్ళాం. పేర్లాండ్ మీనాక్షి గుడి, ఫ్రెండ్సూ, బిర్యానీలూ.. అన్నీ అయ్యాయి. సోమవారం సాయంత్రం తలుపు తియ్యగానే వాసన. చేపల మార్కెట్ సాయంత్రం మూసేటప్పుడొచ్చే వాసన. తొట్టికి అంటించిన మూడు డాలర్ల థర్మామీటర్ స్టిక్కర్‌లో అంకె కనపడటం లేదు, ఎందుకంటే దాని కొలత 34 డిగ్రీలతో అయిపోతుంది. వంటింట్లో థర్మామీటర్ తెచ్చి ముంచితే 37. ఉండాల్సింది 25, 26.

హీటర్ లోపల థర్మోస్టాట్ అతుక్కుపోయింది. వేడెక్కాక ఆగాల్సింది ఆగలేదు. తర్వాత లెక్కేసుకున్నా. 75 లీటర్లకి 200 వాట్లంటే, గదిలోకి పోయే వేడి వదిలేస్తే గంటకి రెండు డిగ్రీల పైనే పెరుగుతుంది. అంటే మేం బయల్దేరి హ్యూస్టన్ చేరేలోపే అయిపోయి ఉండొచ్చు. ఎప్పుడైందో కూడా నాకు తెలీదు.

ఆఫీసులో ఓ సర్వర్ కాస్త ఎక్కువ వేడెక్కితే రాత్రి రెండింటికైనా సరే నా ఫోన్ మోగుతుంది. లేచి కూచుని చూస్తా. దానికి జీతం. ఇంట్లో ప్రాణాలున్న తొట్టికి మాత్రం ఒక అలారం లేదు, రెండో థర్మోస్టాట్ లేదు, ఏమీ లేదు. అన్నిటికన్నా నన్ను కోసేసింది ఏంటంటే, ఆ సాయంత్రం ఏడింటికి లైటు దాని షెడ్యూల్ ప్రకారం మెల్లిగా సూర్యాస్తమయం మొదలెట్టింది. నారింజ, తర్వాత ఊదా, తర్వాత నీలం. కింద అన్నీ చచ్చిపోయి ఉన్నాయి. 450 డాలర్ల లైటు, ఒక్క సెకను కూడా తప్పకుండా పనిచేసింది.

మావాడు అడిగాడు. "నాన్నా, పండూ చిట్టీ ఏవయ్యాయి?" జబ్బు చేసిందిరా అని చెప్పా. అబద్ధం. వాడు కాసేపు ఆలోచించి, "మనం ఊళ్ళో ఉంటే మందు వేసేవాళ్ళమా?" అన్నాడు. నేను సమాధానం చెప్పకుండా బకెట్ తేవడానికి గరాజ్‌లోకి వెళ్ళిపోయా. మా ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటేనే బావుండేది.

ఆ వారాంతం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు మా మేనమామ లైన్లోకొచ్చాడు. మావయ్యకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 1994-95లో తెల్లమచ్చ తెగులొచ్చి టైగర్ రొయ్య మొత్తం పోయినప్పుడు ఆయనా మునిగాడు, మళ్ళీ లేచాడు. నేనేదో గొప్ప హై టెక్ హాబీ అన్నట్టు మొదలెట్టా, లైటు గురించి.

"లైటెందుకురా అల్లుడూ? చేపేవన్నా పేపర్ చదువుద్దా?" అన్నాడు.

చేపకి కాదు మావయ్యా పగడానికి, దానికి వెలుగే తిండి, అని నాచు సంగతీ అదీ వివరించా.

"ఓహో.. అయితే లైటంటే మేతన్నమాట. మరి మేత ఎక్కువేస్తే ఏవవుద్ది? చెరువు పాడవుద్ది. నీళ్ళు చెడ్డాక ఎంత మంచి మేతేసి ఏం లాభం, తినడానికి రొయ్యుండాలిగా. ఇక్కడ తెల్లారగట్ల కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయనుకో, జనరేటరు వెయ్యడం ఓ గంట లేటైతే చెరువంతా పైకి తేలుద్ది. అందుకే జనరేటర్ పక్కన మనిషి పడుకుంటాడు. మనం రొయ్యల్ని పెంచుతున్నామనుకుంటాం గానీ అల్లుడూ, పెంచేది నీళ్ళనే. నీళ్ళు బావుంటే రొయ్య అదే పెరుగుద్ది."

నేను ఆర్నెల్లు ఇంగ్లీషులో చదివిన దాంట్లో నాకు దొరకనిది ఇదే. దొరకలేదని కాదు, ఉంది, నాకే పట్టలేదు. లైటు ఫొటోలో కనిపిస్తుంది, దాని గురించి మాట్లాడుకోడానికి సరదాగా ఉంటుంది. హీటర్ గురించి ఎవరు మాట్లాడతారు?

రెండు నెలలు తొట్టి ఎండబెట్టి ఉంచా. మానేద్దామనే అనుకున్నా. కానీ మావాడికి చెప్పిన అబద్ధం అలా ఉండిపోయింది. ఓ రోజు కూచోబెట్టి నిజం చెప్పా. జబ్బు కాదురా, హీటర్ ఆగలేదు, ఆగకపోతే ఏం చెయ్యాలో నాన్న ముందే ఆలోచించలేదు అని. వాడు "అయితే ఈసారి రెండు హీటర్లు పెడదాం, ఒకటి పాడైతే ఇంకోటి" అన్నాడు. ఏడేళ్ళ వాడు. నా పదిహేనేళ్ళ అనుభవం సిగ్గుపడింది.

అలా రెండోసారి మొదలెట్టాం. పాత లైటే. ఈసారి డబ్బంతా కనపడని వాటికి పెట్టా. ఏంటవి, ఎందుకు అన్నది వరసగా చెప్తా, ఎవరికైనా పనికొస్తుందేమో.

మొదటిది నీళ్ళు. అంతకుముందు కుళాయి నీళ్ళలోనే క్లోరిన్ పోయే మందు కలిపి వాడేవాణ్ణి. అందులో ఉండే ఫాస్ఫేటు, నైట్రేటు తిని ఎక్కడలేని నాచూ రాళ్ళకి పట్టేది. ఇప్పుడు ఆర్వో, దాని తర్వాత డీఅయొనైజేషన్ రెసిన్ ఉన్న ఫిల్టర్, 130 డాలర్లు. టీడీఎస్ మీటర్ సున్నా చూపించిన నీళ్ళలోనే ఉప్పు కలుపుతా. ఉప్పదనం కిలో నీళ్ళకి 35 గ్రాములు. దాన్ని కొలవడానికి రిఫ్రాక్టోమీటర్. మావయ్య దగ్గరా అదే ఉంది. కాకపోతే దాన్ని మంచినీళ్ళతో సున్నాకి సరిచేసి ఊరుకోకూడదు, 35 దగ్గర సరిచూసుకునే ద్రావణం విడిగా దొరుకుతుంది, దాంతో చెయ్యాలి. మనకి కావాల్సిన కొలత దగ్గర అది నిజం చెప్పాలిగానీ, సున్నా దగ్గర చెప్తే మనకెందుకు?

రెండోది వేడి. 200 వాట్ల హీటర్ ఒకటి కాదు, 50 వాట్లవి రెండు. ఒకటి పని మానేస్తే రెండోది నెట్టుకొస్తుంది. ఒకటి ఆగకుండా తిరిగినా, 50 వాట్లతో ఈ తొట్టి ఉడకదు. రెండూ ఓ బయటి కంట్రోలర్ ద్వారా వెళ్తాయి. కంట్రోలర్ 25.5 దగ్గర కరెంటు ఆపేస్తుంది. అది అతుక్కుపోయినా హీటర్లలో ఉన్న సొంత థర్మోస్టాట్లు 26.5 దగ్గర ఆపుతాయి. అంటే తొట్టి ఉడకాలంటే రెండు వేరువేరు చోట్ల ఒకేసారి చెడిపోవాలి. చిన్న హీటర్ కొనడం పిసినారితనం కాదు, అది చేయగలిగిన హానికి హద్దు పెట్టడం.

మూడోది ఆవిరి. రోజుకి లీటరు దాకా ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. నాలుగు రోజులు నీళ్ళు పొయ్యకపోతే 35 కాస్తా 37 అవుతుంది. అందుకని తగ్గినప్పుడల్లా మంచినీళ్ళు పోసే చిన్న పంపు, సెన్సరుతో సహా. ఇక్కడా అదే ఆలోచన. సెన్సర్ చెడిపోయి ఆగకుండా పోస్తే? అందుకే దాని డబ్బా అయిదు లీటర్లదే. మొత్తం ఒలికినా 35 నుంచి 33కి దిగుతుంది. చేపలు బతుకుతాయి, కార్పెట్టూ తడవదు.

నాలుగోది అలారం. రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దానికో వాటర్‌ప్రూఫ్ టెంపరేచర్ సెన్సర్. 24 కన్నా తగ్గినా, 27.5 దాటినా నా ఫోన్ మోగుతుంది. అసలు రీడింగే రాకపోయినా మోగుతుంది. ఈ చివరిది ముఖ్యం. ఇంటర్నెట్ పోయి మెసేజ్ రాకపోవడాన్ని "అంతా క్షేమం" అనుకుంటే మళ్ళీ మొదటికే వస్తాం.

అయిదోది బ్యాటరీతో నడిచే గాలి పంపులు రెండు. జాలర్లు ఎరల బకెట్లో పెట్టుకునేవి. ఒక్కొక్కటి 15 డాలర్లు. కరెంటు పోగానే వాటంతట అవే మొదలవుతాయి. నా మొత్తం వ్యవస్థలో మావయ్య జనరేటరు ఇదే :)

ఇవన్నీ కలిపి 420 డాలర్లయింది. లైటుకి పెట్టిన దానికన్నా తక్కువ. ప్రోటీన్ స్కిమ్మర్ కొనలేదు. అది బుడగల నురగతో మలినాన్ని తీసేస్తుంది, మంచిదే, కానీ ఇంత చిన్న తొట్టికి వారం వారం పదోవంతు నీళ్ళు మారిస్తే సరిపోతుంది. వారానికో అరగంట పని.

ఇప్పుడు లైటు సంగతి. దీన్ని కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న "ఏ లైటు మంచిది" కాదు, "నేను ఏం పెంచుతున్నా" అనేది. వెలుగుని పార్ అనే కొలతతో చెప్తారు, ఓ చదరపు మీటరు మీద సెకనుకి పడే, కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే కాంతి ఎంత అని. మష్రూములు, జోయాంథిడ్లు లాంటి మెత్తటి వాటికి 50 నుంచి 100 ఉంటే హాయిగా ఉంటాయి. హ్యామర్ లాంటి పెద్ద నోళ్ళ రాతి పగడాలకి 80 నుంచి 150. కొమ్మలు కొమ్మలుగా పెరిగే ఆక్రొపోరాకైతే 250, ఆపైన. ఇక్కడి క్లబ్బులో మీటర్ ఓ వారానికి అద్దెకిస్తే తెచ్చి కొలిచా. నా లైటు 40 శాతంలో, తొట్టి అడుగున మధ్యలో 180, మూలల్లో 60. అంటే నేను పెంచే మెత్తటి పగడాలకి ఈ లైటు సగం కూడా అక్కర్లేదు! ఇందులో మూడోవంతు ధర లైటుతో అన్నీ బతికేవి. ఫోన్లో లక్స్ కొలిచే ఆప్‌ల మీద మాత్రం ఆధారపడకండి, అవి మన కంటికి కనపడే కాంతిని కొలుస్తాయి, నీలాన్ని చాలా తక్కువ చేసి చూపిస్తాయి. కొత్త పగడం తెచ్చినప్పుడల్లా తక్కువలో మొదలెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లిగా పెంచాలి. రోజుకి ఎనిమిది, తొమ్మిది గంటలు చాలు. ఎక్కువ మేత వేస్తే ఏవవుద్దో మావయ్య చెప్పాడుగా.

ఇంకో మాట, పిల్లలున్న వాళ్ళకి. జోయాంథిడ్లలో కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోకండి, అవి ఉన్న రాయిని చచ్చినా వేడినీళ్ళలో మరిగించి శుభ్రం చెయ్యకండి. ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైన కుటుంబాలున్నాయి.

సరే, ఇదంతా కాగితం మీద బానే ఉంది. పరీక్ష 2021 ఫిబ్రవరిలో వచ్చింది.

టెక్సస్ మంచుతుఫాను గుర్తుండే ఉంటుంది. 15వ తారీకు సోమవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. మంగళవారం పొద్దున డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. రాష్ట్రంలో నలభై లక్షలకి పైగా ఇళ్ళు, ఆఫీసులకి కరెంటు లేదు. 240 మందికి పైగా చనిపోయారని తర్వాత లెక్క తేలింది. మా ఇంట్లో మధ్యమధ్యలో ఓ అరగంట వచ్చి పోవడం తప్పిస్తే ముప్పై గంటలు చీకటే. నలుగురం ఒకే గదిలో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం.

గాలి పంపులు రెండూ టైముకి మొదలయ్యాయి. గుడగుడ శబ్దం. అది వినపడుతున్నంతసేపూ ధైర్యం. కానీ వేడి సంగతి? అదృష్టం కొద్దీ మాది గ్యాస్ పొయ్యి, అగ్గిపుల్లతో వెలిగింది (పొయ్యి వెలిగించి గది వేడి చేసుకోవడం లాంటివి చెయ్యకండి, ఆ రోజుల్లో కార్బన్ మోనాక్సైడుతో పోయినవాళ్ళున్నారు). తొట్టి చుట్టూ ఓ బొంత చుట్టా. రెండు లీటర్ల సీసాలో బాగా వేడినీళ్ళు పోసి మూత బిగించి తొట్టిలో పెడితే నీళ్ళు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతాయి. మూడు గంటలకోసారి.

అర్ధరాత్రి మూడోసారి నీళ్ళు కాస్తుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. "ఏవండీ, పిల్లలు చలికి వణుకుతున్నారు. చేపలకి వేడినీళ్ళా?"

నా దగ్గర సమాధానం లేదు. నిజమే కదా. సిగ్గేసింది. ఆ సీసా తీసుకెళ్ళి పాప పక్కన దుప్పట్లో పెట్టేశా. అప్పుడు మావాడు లేచి, "అది చల్లారాక తొట్టిలో పెడదాం నాన్నా, మనకి చల్లారినా వాటికి వేడే" అన్నాడు. లెక్క కరెక్టే. ఒంటికి గోరువెచ్చగా అనిపించే 40 డిగ్రీలు కూడా వాటికి బోలెడు. అలా ఆ రాత్రంతా సీసాలు ముందు పిల్లల దగ్గరికీ, తర్వాత తొట్టిలోకీ తిరిగాయి. కరెంటొచ్చేసరికి తొట్టిలో 20 డిగ్రీలు. ఓ హ్యామర్ పగడం సగం పోయింది. తక్కినవన్నీ ముడుచుకుని వారం తర్వాత విచ్చుకున్నాయి. చేపలు రెండూ క్షేమం. ఆ ముప్పై గంటల్లో లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. దానివల్ల ఏమీ కాలేదు. రెండు మూడు రోజులు మబ్బుపడితే సముద్రంలో పగడాలు చచ్చిపోవు కదా.

కొందరు అడుగుతారు, అసలు సముద్రంలో ఉండాల్సిన వాటిని హాల్లో పెట్టుకోవడం ఎందుకని. న్యాయమైన ప్రశ్నే, పెట్టుకోనక్కర్లేదు కూడా. నేను పెట్టుకున్న నియమం ఒకటే. హేచరీలో పుట్టిన చేప, తొట్టిలోనే పెరిగిన పగడం నుంచి విరిచిన ముక్క, ఇవి తప్ప సముద్రంలోంచి తీసింది ఏదీ కొనను. అదీ, నీళ్ళని నిలకడగా ఉంచగలనని ముందు ఖాళీ తొట్టితో రెండు నెలలు నిరూపించుకున్నాకే. ఈ క్లౌన్ ఫిష్షులు సరిగ్గా చూస్తే ఇరవై ఏళ్ళు కూడా బతుకుతాయి. ఒక హీటర్ కోసం చచ్చిపోవాల్సినవి కావు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి మాత్రం ఇంకో సంగతి. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికెంత రక్షణో వాటికీ అంతే. ఎవరైనా అమ్ముతున్నా కొనడం నేరం. క్లౌన్ ఫిష్షులని మాత్రం మన సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళే హేచరీలో పుట్టించే పద్ధతి తయారుచేశారు, అలాంటివి దొరికితే చేపలతో సరిపెట్టుకోవచ్చు. అక్కడ సమస్య కూడా తిరగబడుతుంది. హైదరాబాదు మే నెలలో హీటర్ కాదు, చిల్లర్ కావాలి. దాని ధర చూశాక లైటు ధర గుర్తుకు రాదు.

మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ, అదీ కొన్ని వారాలపాటు ఉంటే చాలు, సముద్రంలో పగడాలు తమలో ఉన్న నాచుని బయటికి తోసేసి తెల్లబడతాయి. 1998, 2010, 2014-17 తర్వాత, నాలుగోసారి ప్రపంచమంతటా ఇది జరుగుతోందని 2024 ఏప్రిల్లో అమెరికా సంస్థ నోవా ప్రకటించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ జనవరి సాయంత్రం గుర్తొచ్చింది. ఎండలో లోపం లేదు, వెలుగు ఎప్పట్లాగే టైముకి వస్తోంది. పోయింది నీళ్ళే.

ఇంతకీ మా ఆఫీసు కుర్రాడు నిన్న షీట్ మార్చి పంపించాడు. హీటర్లు రెండు, కంట్రోలర్, ఆర్వో, గాలి పంపు.. అన్నీ పైకొచ్చాయి. బానే ఉందని చెప్పా. ఓ పావుగంట ఆగి మళ్ళీ మెసేజ్ పెట్టాడు. "అన్నా, అంతా ఓకే. ఇంతకీ ఆ రెండు లైట్లలో ఏది కొనమంటావ్?"

"ఏదో ఒకటి" అన్నా :)